అవ్వ మనసుకు నేను వేసిన మార్కులు

మనిషి మనసంతా ఇరవై ప్రశ్నల్లో పట్టేస్తుందని గట్టిగా నమ్మిన రోజులవి. మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. అప్పుడే పూర్తయింది. ఆ శాస్త్రం ఎక్కడ పుట్టింది, ఎవరిని చూసి సూత్రాలు కట్టింది, మనిషిని ఊరినుంచి విడదీసి కొలవడం న్యాయమేనా అన్న ప్రశ్నకు పరీక్షలో ఆరు పేజీలు రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. (బట్టీపట్టిన జవాబు కనుక పరీక్ష హాలు దాటి నాతో బయటికి రాలేదు.) అప్పట్లో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. మా ఊరు తరిగొప్పులలో మా బాపు ఎదుట కూర్చుంటే పెళ్లి సంబంధాల మాట వస్తుందని భయం. ఆరు నెలల సర్వే ఉద్యోగం దొరకగానే బ్యాగు సర్దుకుని కొత్తగూడ చేరాను.

పల్లెజనంలో ఆందోళన ఎంతుందో కొలవడం మా పని. హైదరాబాదులో ఉండే పెద్దసారు ఏదో దూరదేశపు ప్రశ్నావళిని తెలుగు చేయించి ట్యాబ్‌లో పెట్టి ఇచ్చారు. ప్రతి ప్రశ్నకూ నాలుగు గడులు: లేదు, అప్పుడప్పుడు, తరచుగా, ఎప్పుడూ. మొదటిరోజు నాకు దొరికింది అడవి అంచున ఎకరం మక్కచేను ఒంటరిగా కాసుకుంటున్న ఒక అవ్వ. మంచె ఎక్కి పక్కన కూర్చున్నాను. నిలకడగా కూర్చోలేకపోతున్నారా అని చదువుతుండగానే అవ్వ లేచి డబ్బా మోగించి వచ్చింది. "ఎప్పుడూ" నొక్కాను. ఏదో కీడు జరుగుతుందని భయమా అంటే అడవివైపు చెయ్యి చూపింది. అదీ "ఎప్పుడూ"నే. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారా అని అడిగేలోపు ఒక కొమ్మ ఊగింది, అవ్వ మళ్లీ లేచింది. మేం మాట్లాడినంతసేపూ గట్టున కోతుల మంద ఉంది. నేను చూశాను కూడా. వాటికి గడి లేదు, అంతే. చివరికి తెరమీద ఎర్రక్షరాలు వచ్చాయి: తీవ్ర ఆందోళన.

మొదటిరోజే రోగి దొరికిందని నాకు ఒళ్లు పులకరించింది. (చెప్పుకోవడానికి సిగ్గే.) అలాంటివాళ్లను డాక్టరుకు చూపించాలని మా నియమం. చేను ఇడిసి ఎట్లొస్తనని అవ్వ అంటే, మనసు, ఆరోగ్యం అంటూ అరగంట ఉపన్యాసమిచ్చాను. చదువుకున్న పిల్ల బతిమాలుతుంటే కాదనలేక మర్నాడు జీపెక్కింది. మహబూబాబాద్ దవాఖానలో వరుస పెద్దది. అవ్వ బెంచీమీద కూర్చుంది, లేచింది, వాకిలిదాకా పోయి వచ్చింది, మళ్లీ లేచింది. లక్షణాలు ఎంత స్పష్టంగా ఉన్నాయో అని మురిసిపోయాను. ఎట్టకేలకు డాక్టరమ్మ ఏం బాధ అని అడిగితే అవ్వ ఒకే మాట చెప్పింది.

"కోతులు."

డాక్టరమ్మ నావైపు చూసింది. నేను ట్యాబ్‌వైపు చూశాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి చేనులో కంకి మిగల్లేదు. విరిగిన దంట్లు, సగం కొరికి పారేసిన కంకులు. అవ్వ ఒకదాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూసి గట్టుమీద పెట్టింది. నన్ను తిట్టినా బాగుండేది.

పదిహేను రోజులకు రెండో విడత ప్రశ్నలు. అవ్వ ఇంటిముందు గోడకానుకుని కదలకుండా కూర్చుని ఉంది. అన్నిటికీ లేదు, లేదు అంటూ వచ్చింది. నిలకడగా కూర్చోవడం గురించిన ప్రశ్న సగం చదివానో లేదో, అవ్వే అందుకుంది.

"ఇగ పరేషాన్ ఎందుకుంటది బిడ్డా? కావలి కాసుటానికి ఏమున్నదని?"

తెరమీద పచ్చక్షరాలు వచ్చాయి: ఆందోళన లేదు. ఒక్కసారి దవాఖానకు తీసుకెళ్తేనే ఇంత గుణమా అని పెద్దసారు ఫోనులో మెచ్చుకున్నారు. కోతుల కథంతా చెప్పాను. ఓపిగ్గా విని, అది మన పరిధిలోకి రాదమ్మా అన్నారు. నేను రాసి జతచేసిన రెండు పేజీలు నివేదికలో కనబడలేదు. అవ్వ మాత్రం కోలుకున్నవాళ్ల సంఖ్యలో చేరింది. నా ఉద్యోగం మరో ఆరు నెలలు పొడిగించారు. నేను వద్దనలేదు.

మరుసటి పంటకు సెలవు పెట్టి, కావలికి తోడుంటానని అవ్వ దగ్గరికి వెళ్లాను. రెండు రోజులు ఊరంతా వినబడేలా అరిచాను. మూడోరోజు మధ్యాహ్నం మంచెమీద ఎప్పుడు ఒరిగానో తెలియదు, లేచేసరికి పొద్దు వాలింది. నా మొహాన ఎండ పడకుండా అవ్వ తన తువ్వాల కప్పింది. కోతుల్ని ఒక్కతే తోలుకుంది. ఎందుకు లేపలేదని అడిగాను.

"మంచిగ పండుకున్నవు బిడ్డా. వచ్చినకాడికెల్లి నువ్వు నిమ్మళంగ ఉన్నది గిప్పుడే."

ఇప్పుడు జనగామలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. తల అక్కడక్కడ నెరిసింది. మెత్తటి పరుపుంది, ఫ్యానుంది, తలుపుకు గడియ ఉంది. ఆ నిద్ర మాత్రం మళ్లీ పట్టలేదు.