లాస్య వేసిన చింతగింజలు

దయ్యం, గాలి, దిష్టి అంటే నాకు నవ్వే. మా అత్త దిష్టి తీసిన నిమ్మకాయలు పారేయబోతుంటే, "ఉండు అత్తమ్మా, పులిహోర కలుపుత" అని ఎక్కిరిచ్చేదాన్ని. జగిత్యాలల కాలేజీ పిల్లలకు ఎలక్ట్రానిక్స్ చెప్పే మనిషిని, గిసొంటివి ఎట్ల నమ్ముత? గిదొక్కటి మాత్రం నా చేతుల మీదనే జరిగింది.

మా బిడ్డ లాస్యకు నాలుగేండ్లు. పిలిస్తే ఎనుకకు మల్లి చూడదు. డాక్టర్ పరీక్ష చేసి, రెండు చెవులూ వినవడయన్నడు. నేను ఒప్పుకోలే. నేనే మిషిన్ చేసి చూస్తనని మొండికేసిన.

పెద్ద మిషిన్ ఏం కాదు. మైక్రోకంట్రోలర్ చిప్పుల ఒక టైమర్ ఉంటది. అది సెకండుకు వేలసార్లు చిప్పును తట్టి, చేసే పని ఆపి ఇంకో అంకె బయటికి పంపుమంటది. గా తట్టుడునే ఇంటరప్ట్ అంటం. అంకెలు పెరుగుకుంట తగ్గుకుంట పోతే అల తయారైతది, హెడ్‌ఫోన్ల సన్నగ కూత వినవడుతది. నేను బటన్ ఒత్తితే కూత, ఇడిస్తే బంద్. కూత వినవడ్డప్పుడల్లా గిన్నెల చింతగింజ వేయాలె. లాస్యకు ఈ ఆట సైగలతోని నేర్పిన.

ఆ మధ్యాహ్నం సిరిసిల్లల మా ఇంట్లనే ఉన్నం. కరెంటు పోయి వాడకట్టుల మరమగ్గాల సాంచాలన్నీ ఆగినయి. నేసే చప్పుడుకు ఎప్పుడూ వణికే గచ్చు గూడ నిమ్మలమైంది. కిటికీల నుంచి పడే ఎండల దూది నూగు మెల్లగ తేలుతున్నది. లాస్య హెడ్‌ఫోన్లు పెట్టుకొని, నాకు వీపు పెట్టి కూసున్నది. ముందట అద్దం లేదు, నా నీడ గూడ అటు పడలే. బ్యాటరీ మీద నడిచే బోర్డు నా ఒళ్లె ఉన్నది.

బటన్ ఒత్తిన. గింజ వేసింది.

లెక్క దొరకకుండ ఒకసారి తొందరగ, ఒకసారి చానాసేపు ఆగి ఒత్తిన. ఒత్తినప్పుడే వేసింది. తల కొంచెం పక్కకు వంచి, నిద్రల నవ్వుకున్నట్టు నవ్వుకుంట వేసింది. కోరుట్లకు పనిమీద పోయిన మా ఆయనకు ఫోన్ చేసి, "మన బిడ్డకు వినవడుతున్నది" అని ఏడ్సిన. పొద్దుగూకంగ ఆయన మిఠాయి డబ్బతోని అచ్చిండు.

తెల్లారి జగిత్యాలకు పోయి, కాలేజీ ల్యాబ్‌ల అదే బోర్డును ఆసిలోస్కోప్‌కు తగిలిచ్చిన, అల ఎట్లున్నదో కండ్ల నిండ చూద్దామని. తెర మీద సీదా గీత. బటన్ ఒత్తినా గంతే. ప్రోగ్రాం తీసి చూస్తే, ఇంటరప్టులను నడువనిచ్చే ఒక్క లైన్ రాయనే లేదు. పిల్లలు మరిచిపోతే నేను తిట్టే లైనే అది. తొందరల ముందుగాల నా చెవులకు పెట్టుకొని చూడనే లేదు. అంటే నిన్న హెడ్‌ఫోన్లల్లకు ఏ చప్పుడూ పోలే.

లైన్ రాసిన. నేను పెట్టుకుంటే కూత మంచిగ వినవడ్డది. ఇంటికచ్చి లాస్యకు పెట్టిన. ఎన్నిసార్లు ఒత్తినా గింజ పిడికిట్లనే ఉన్నది. ఒకపాలి మల్లి నా దిక్కు చూసింది, ఆట ఎప్పుడు మొదలువెడ్తవన్నట్టు.

ఎట్లయిందో ఇప్పటికీ నాకు తెల్వది. "ఆ లైన్ తీసేసి మల్లొక్కసారి చూడరాదు" అంటడు మా ఆయన. నాకు ధైర్యం చాలది. గింజ వేస్తే, నా బిడ్డ ఏం వింటున్నదో నేను ఎన్నటికీ వినలేను. వేయకపోతే, ఆ ఒక్క మధ్యాహ్నం గూడ నాకు దక్కది.