రుద్రమ్మ చేతి పుల్లమీగడ

పంజాగుట్టలో హైమవతి గారింట్లో పుల్లమీగడ పడని కూర లేదు. ఆనపకాయైనా వంకాయైనా పొయ్యి కట్టేశాక రెండు గరిటెలు కలపాల్సిందే. మంట మీద వేస్తే విరిగిపోతుంది. రోజూ పాల మీద తీసిన మీగడను గోరువెచ్చగా చేసి, చెంచాడు మజ్జిగ తోడు వేసి, ఆ గిన్నెను బియ్యం డబ్బాలో దాచేది వంటమనిషి రుద్రమ్మ. బోరబండ నుంచి అమీర్‌పేట దాకా షేరాటో, అక్కడి నుంచి నడక.

నాలుగేళ్ల కిందట హైమవతి గారు వేరే వంటమనిషిని వెతుకుతున్నారని తెలిసి రుద్రమ్మకు పని పోతుందని భయమేసింది.

"మీగడ అందరి చేతికి తోడుకోదమ్మా. నా చేతి గుణం గది" అనేసింది.

హైమవతి గారు పరీక్షగా ఒకరోజు తనే తోడు వేశారు. ఫ్రిజ్‌లోంచి తీసిన మీగడలో వేస్తే ఎవరికి తోడుకుంటుంది? రుద్రమ్మ చూసి కూడా నోరు మెదపలేదు. పని దక్కింది, సెలవులు మాత్రం పోయాయి. జ్వరమొచ్చినా "మరి మీగడ సంగతేంటి?" అని ఫోను.

ఈ శ్రావణంలో రుద్రమ్మ కూతురు మధులతకు తొలి కాన్పు. ప్రయాణం వద్దని డాక్టరు చెప్పడంతో పుట్టింటికి రాలేక సిద్దిపేటలోనే ఉండిపోయింది. అక్కడ అత్తగారు కూడా లేరు. నొప్పుల వేళకు నువ్వు పక్కనుండాలమ్మా అని ఫోనులో ఏడ్చింది. రుద్రమ్మ వారం సెలవడిగింది.

"ఇప్పుడా? మీగడ లేకపోతే మా ఆయనకి ముద్ద దిగదు రుద్రమ్మా" అన్నారు హైమవతి గారు.

"అబద్ధం చెప్పిననమ్మా. నా చేతిల ఏం లేదు. జర గోరువెచ్చగుంటే ఎవరేసినా తోడుకుంటది. మీరే ఏసి చూడుండ్రి."

ఆవిడే వేశారు. రుద్రమ్మ గిన్నెను ముట్టనైనా లేదు. మర్నాడు బట్టల సంచీతోనే పనికొచ్చి మూత తీసింది. మీగడ గట్టిగా తోడుకుంది. రుద్రమ్మ ముఖం వెలిగింది.

"చూశావా, నువ్వు పక్కనున్నావు కాబట్టే కుదిరింది" అన్నారు హైమవతి గారు, మనస్ఫూర్తిగా. "చుట్టాలొస్తున్నారు. ఇంకో నాలుగు రోజులాగి వెళ్లు."

వెళ్లిపోవచ్చుగా అంటారు మీరు. వెళ్తే ఆ వంటింట్లోకి ఇంకొకరు వస్తారు. ఆనాడు అబద్ధం ఆడించిన భయమే ఇప్పుడు కాళ్లు కట్టేసింది. సంచీ తలుపు వెనకే ఉండిపోయింది.

మూడో రోజు పదకొండింటికి కూరలో మీగడ కలుపుతుంటే అల్లుడి ఫోను.

"అత్తమ్మా, పాప పుట్టింది. మధు మంచిగనే ఉంది. లోపలికి తీస్కపోయేదాక తలుపు దిక్కే చూసింది, నువ్వొస్తవని."

రుద్రమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. కళ్ల నీళ్లు ఆగలేదు.

"కూరయిందా?" హాల్లోంచి హైమవతి గారు.

"అయిందమ్మా" అంది రుద్రమ్మ.