పత్తి మింగిన గేమ్ డబ్బా

మా ఇంట్లో ప్రతి వస్తువుకూ ఒక బట్ట ఉంటుంది. ఫ్రిజ్‌కు పూల బట్ట, మిక్సీకి గళ్ల బట్ట, టీవీ రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు, ఆ కవరు జారిపోకుండా రబ్బరు బ్యాండు. వాషింగ్ మెషీన్ కొని ఆరేళ్లయింది. మూత మీద కంపెనీవాళ్లు అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర ఇప్పటికీ అలాగే ఉంది, అంచులు నల్లబడి. ఒకసారి పీకబోతే అమ్మ నా చేతి మీద ఒక్కటిచ్చింది. నాకు నలభై రెండేళ్లు.

కాబట్టి నేను వీడియో గేమ్ డబ్బా తెచ్చిన మూడో రోజుకే దానికీ బట్ట తయారైంది. అమ్మ తన పాత నూలు చీర కత్తిరించి, నాలుగు పక్కలా బిగుతుగా కుట్టి, మీట నొక్కడానికి మాత్రం ఒక కంత వదిలింది. గాలి లోపలికి పోయే సందులూ, బయటికి వచ్చే సందులూ శుభ్రంగా మూసుకుపోయాయి. కుట్టు ఎంత చక్కగా వచ్చిందో అని నేనూ మెచ్చుకున్నాను. నేను మండల ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తాను. తర్వాత జరిగినదానికంతటికీ కారణం అదే కనుక ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

మాది తెలకపల్లి. సొంత భూమి లేదు. ఊరి అవతల రెండెకరాల ఎర్ర చెల్కను నాన్న పోయిన దగ్గర నుంచి ఇరవై ఏళ్లు అమ్మే కౌలుకు చేసింది. పోయిన చలికాలంలో చివరి పత్తి ఏరడం అయిపోగానే ఆమె మోకాలికి ఆపరేషన్ చేయించాం. గొంతుక్కూచోవద్దు, బరువు మోయొద్దు అన్నాడు డాక్టరు. అదే వారం ఆ చెల్క సొంతదారు భూమాయన నాకు ఫోన్ చేశాడు.

"ఈ ఏడు చేస్తరా, ఇడుస్తరా?"

"ఇడుస్తున్నమన్నా," అన్నాను.

"పక్కానా? మల్ల అడిగితే ఉండది."

"పక్కా," అన్నాను.

అమ్మ అప్పుడు దవాఖానలో మంచం మీద నిద్రపోతోంది. లేపి అడగడం ఎందుకులే అనుకున్నాను. తల్లిని సుఖపెట్టే కొడుకును కదా, నా మీద నాకే గౌరవం పెరిగింది.

ఇంటికొచ్చాక ఆ మాట చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టేనని ఆఫీసులో మాకు అలవాటు. ఆ చివరి పత్తి మాత్రం అమ్మనివ్వలేదు. రేటు రానీ అంది. రేటు వచ్చినప్పుడు ఇంకొంచెం రానీ అంది. హాల్లో సగం పత్తి, సగం మేము. పైకప్పు దాకా తెల్లటి కుప్ప, దాని పక్కనే అమ్మ మంచం, ఎదురుగా టీవీ. ఫ్యాను వేస్తే దూది లేచి తినే అన్నంలో పడేది. ఫ్యాను ఆపితే చెమటకు ఒంటికి అంటుకునేది.

గేమ్ డబ్బా వనపర్తిలో మూసేస్తున్న ఒక గేమ్ షాపులో సెకండ్ హ్యాండ్‌గా దొరికింది. కొన్నది నా కోసమే. అమ్మకు వ్యాయామం కోసమని మా ఆవిడతో చెప్పాను.

"ఆపరేషనైంది మోకాలికి. ఎక్సర్‌సైజేమో బొటనవేళ్లకా?" అంది ఆమె.

డబ్బాతో పాటు వచ్చిన డిస్కుల్లో ఒకటి వ్యవసాయం ఆట. ఏదో చలిదేశపు పల్లె, పచ్చటి మళ్లు, ట్రాక్టర్లు. నేను ఆడుతుంటే అమ్మ రెండు రోజులు ఊరికే చూసింది. మూడో రోజు ఇక ఓర్చుకోలేకపోయింది.

"ఏందిరా గా దున్నుడు? మూలలన్నీ ఇడిసిపెడ్తున్నవ్. ఇటియ్యి."

అంతే, ఆ కంట్రోలర్ మళ్లీ నా చేతికి రాలేదు. ఇరవై ఏళ్ల సాగుకు లొంగని వేళ్లు రెండు వారాల్లో మీటలకు లొంగాయి. పొద్దున జావ తాగి పొలానికి కూర్చునేది. ఆ ఊరి మీద ఆమెకు చాలా అనుమానాలుండేవి.

"ఇంత పెద్ద ఊర్ల కూలోళ్లు తప్ప మనుషులు ఒక్కరు కనపడరేందిరా? అందరు బొంబాయికి వలస పోయిన్రా?"

"ఆటమ్మా అది."

"ఆట గాదు, మంచి ఊరే. కోతులు లేవు, అడివి పందులు లేవు. కూలోళ్లను పొద్దుగాల పిలిస్తే పొద్దుగాలనే వస్తుండ్రు. మంచి ఊరే గానీ, ఒక్క గట్టు పంచాయితీ గూడ లేదు. ఎట్ల బతుకుతరో ఏమో."

పక్కింటి ఆడవాళ్లు వచ్చి పత్తికుప్పకు ఆనుకుని కూర్చుని సలహాలు చెప్పేవారు. ఒకామె కలుపు తియ్యమనేది, ఒకామె మందు కొట్టమనేది. అమ్మ ఎవరి మాటా వినేది కాదు. చిన్న మడితో మొదలుపెట్టి నలభై ఎకరాల ఆసామి అయింది. ఆ నలభై ఎకరాలూ పత్తే వేసింది. ఒక మడికి ఎర్ర చెల్క అని పేరు కూడా పెట్టింది. ఆట లోపల అది ఎక్కడా రాసి లేదు, ఆమె నోట్లోనే ఉంది. ఇదంతా నేను ఆఫీసులో కథలుగా చెప్పి అందరినీ నవ్వించేవాణ్ని.

మృగశిర కార్తె రాబోతుండగా డబ్బా మోత మొదలుపెట్టింది. ఇంటి ముందు బోరు బండి పెట్టి తవ్వుతున్నట్టు ఒకటే రొద. అమ్మ టీవీ గొంతు పెంచింది. నాలుగు రోజులకు వేడెక్కి, నడిమధ్యలో తనంతట తానే ఆరిపోయింది. మళ్లీ పెడితే పావుగంట, ఆ తర్వాత పది నిమిషాలు. ఆఖరికి ఆట తెరుచుకునేలోపే ఆరిపోవడం మొదలైంది.

అమ్మ నిజంగానే పరేషాన్ అయింది. కర్ర పట్టుకుని ఇల్లంతా తిరిగింది.

"పత్తి పలిగి ఉన్నదిరా. ఒక్క వాన పడితే నల్లబడ్తది. జర ఏమన్న చెయ్యి నాయినా."

"రిపేరోళ్లకు చూపియ్యండ్రి," అంది మా ఆవిడ.

నాకు తల తీసేసినట్టయింది. కంప్యూటర్ మనిషి ఇంట్లో ఉండగా రిపేరువాడా? ఆదివారం పొద్దున వరండాలో చాప వేసి, ఫోన్లో వీడియో పెట్టుకుని కూర్చున్నాను. వైర్లన్నీ పీకాను. చీర విప్పాను. పక్క రేకు జరపగానే లోపల మరలు కనిపించాయి. వాటి తలలు నక్షత్రం ఆకారంలో ఉన్నాయి, నక్షత్రం మధ్యలో మళ్లీ ఒక బుడిపె. నా దగ్గరున్న స్క్రూడ్రైవర్లు ఏవీ పట్టలేదు. కూరగాయల కత్తి మొన విరిగింది. మా ఆవిడ ఆ కత్తిని చూసి, నన్ను చూసి, లోపలికి వెళ్లిపోయింది.

అలా నేను రిపేరుకే పోవలసి వచ్చింది. బస్టాండు దగ్గర బోరు మోటార్లకు వైండింగ్ కట్టే షాపుంది. ఆ షాపతని దగ్గర లేని పానా ఉండదు. డబ్బా సంచిలో పెట్టుకుని బయల్దేరుతుంటే అమ్మ కూడా చెప్పులు వేసుకుంది.

"నువ్వెందుకమ్మా, మోకాలు..."

"నా చేను నడి బజార్ల ఇప్పుతరు. నేను లేకుండనా?"

ఆటో మాట్లాడాను.

వైండింగ్ అతను డబ్బాను రెండు చేతుల్తో ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"కాలిన వాసన వస్తలేదు సారూ. మోటర్ బతికే ఉన్నది." తర్వాత దాని పక్కలకు అంటుకున్న నూలు పోగులను గోటితో గీకాడు. "దీనికి చీర ఎవరు కట్టిండ్రు?"

ఖాళీ మోటారు డొక్కు మీద కూర్చున్న అమ్మ ఆ మాట వినపడనట్టు బజారు వైపు చూసింది.

అతను పాత పేపరు పరిచి, విప్పిన మరను విప్పినట్టు వరసగా ఆ పేపరుకు గుచ్చిపెట్టాడు. ఏది ఎక్కడిదో పక్కన పెన్సిలుతో గీసుకున్నాడు. నేను తొందరపెడుతూ వీడియోలో చూసిన మాటలన్నీ చెప్పాను. అతను ఇంకో మర విప్పాడు. పై డొప్ప లేచింది. ఫ్యాను కనిపించాలి, కనిపించలేదు. ఫ్యాను ఉండాల్సిన చోట గుండ్రటి పరుపు ఉంది. చీర కంతలోంచి పీల్చుకున్న దూది రెక్కల మధ్యా, వేడి పోయే రేకుల మధ్యా కుక్కుకుపోయి గట్టిపడింది. అతను పట్టకారుతో లాగితే పిడికెడంత వచ్చింది.

అమ్మ చెయ్యి చాపింది. ఆ మురికి దూదిని వేళ్ల మధ్య సాగదీసి, వెలుగుకు పెట్టి చూసింది.

"మూడో ఏరుడుది. పొట్టి పోగు, పచ్చగున్నది జూడు." కొంగు చివర ముడేసుకుంది. "మా చెల్కదే."

వైండింగ్ అతను తలూపాడు. గాలి కొట్టేముందు ఫ్యాను రెక్కను వేలితో అదిమిపట్టాడు. గాలికి ఊరికే గిరగిరా తిరిగితే చెడిపోతుందట. అది కూడా నాకు తెలియదని ఒప్పుకోను కానీ, తెలియదు. చిప్పు మీద వేడి లాగే పాత పేస్టు ఎండిన సున్నంలా రాలిపోయింది. దాన్ని తుడిచి, నేను ముందే నాగర్‌కర్నూల్ నుంచి తెప్పించి పెట్టుకున్న కొత్త పేస్టు మినపగింజంత పెట్టాడు. ఇంకొంచెం పెట్టమన్నాను. "పచ్చడి గాదు సారూ," అన్నాడు. పేపరు మీది మరలన్నీ వెనక్కి వెళ్లాయి, ఒక్కటీ మిగల్లేదు. కరెంటు పెట్టి చూస్తే డబ్బా చప్పుడు చెవి ఆనిస్తే తప్ప వినపడలేదు.

"అయిపోయింది. ఇగ దేన్ని ముట్టుకోకుండ్రి," అన్నాడు.

అక్కడితో ఆగితే నేను నేను కాను.

మా ఆఫీసులో కంప్యూటర్లకు ఏ రోగమొచ్చినా ఒకటే మందు. ఫార్మాట్. ప్రింటర్ పలకకపోయినా ఫార్మాట్, మౌస్ కదలకపోయినా ఫార్మాట్. జనం అర్జీలు పోతే మళ్లీ పెట్టుకోమంటాం. వాళ్లు మళ్లీ పెట్టుకుంటారు. పదిహేనేళ్లుగా ఈ వైద్యం చేసీ చేసీ నాకు చెయ్యి తిరిగింది.

ఇంటికి రాగానే అమ్మ కాళ్లు కడుక్కుని, కొంగు ముడి విప్పి, ఆ దూదిని దులిపి వత్తులు చేసుకుంటూ దేవుడి అరలోకి పోయింది. పని ఖరాబు కానందుకు దీపం పెడుతుందట. నేను డబ్బా ముందు కూర్చున్నాను. పైన అతను శుభ్రం చేశాడు, మరి లోపల? లోపల ఎంత చెత్త పేరుకుందో అనిపించింది. పనంతా వైండింగ్ అతనే చేశాడని రేపు ఆఫీసులో ఎలా చెప్పుకోవడం? మెనూలోకి వెళ్లాను. మొత్తం తుడిచెయ్యి అని ఒక మీట ఉంది. నొక్కాను. అన్నీ పోతాయి, సరేనా అని అడిగింది. సరే అన్నాను. ఖచ్చితంగానా అని మళ్లీ అడిగింది. చదవకుండా సరే నొక్కడమే నా ఉద్యోగం. నొక్కాను.

అమ్మ బొట్టు పెట్టుకుని వచ్చి మంచం మీద కూర్చుంది. ఆట తెరుచుకుంది. ఒక పాత ట్రాక్టరు, ఒక రేకుల కొట్టం, ఒక బీడు మడి. అమ్మ ఆ ట్రాక్టరునెక్కి రోడ్డు వెంబడి పోయింది. వంతెన దాటింది. మలుపు తిరిగింది. ఎర్ర చెల్క ఉండాల్సిన చోట గడ్డి ఉంది. దిగి ఆ గడ్డిలో నిలబడింది.

"నా చేను ఏడున్నదిరా?"

"అదీ... ఫ్రెష్‌గా ఉంటదని మొత్తం క్లీన్ చేసినమ్మా. డిస్క్ ఉంది కదా, మళ్లీ పెట్టుకోవచ్చు." మళ్లీ పెట్టుకోవచ్చు అన్నది నా నోట్లో నుంచి అర్జీదారుకు చెప్పినట్టే వచ్చింది.

అమ్మ కంట్రోలర్‌ను మంచం మీద పెట్టింది. నా వైపు చూడకుండా, టీవీ వైపే చూస్తూ అంది:

"దవాఖానల పండుకున్నప్పుడు ఒకటి తీసేసినవ్. దీపం పెట్టబోతే ఒకటి తీసేసినవ్. ఒక్కసారన్న నన్నడిగినవారా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నాకు సిగ్గేసింది. చిన్నప్పుడు దెబ్బలు తిన్నప్పుడు కూడా అంత సిగ్గు వేయలేదు. ఏమీ అనకపోవడం ఒప్పుకోవడం కాదని ఆరు నెలల తర్వాత తెలిసింది నాకు. ఆ తెలివి రావడానికి నలభై ఎకరాల పత్తి పోవలసి వచ్చింది.

ఫోన్ తీసి భూమాయనకు కలిపి, స్పీకర్ పెట్టి, అమ్మ చేతికిచ్చాను. నువ్వే మాట్లాడు అన్నాను. అమ్మ ఫోన్‌ను నోటి ముందు పెట్టుకుంది.

"చెల్క ఖాళీగున్నదా నాయినా?"

"ఇచ్చేసినక్కా, పాన్‌గల్ ఆయనకు. మీ వానికి ఫోన్ జేసి రెండుసార్లు అడిగితి. పక్కా ఇడుస్తున్నమన్నడు."

"వాడన్నడు. నేననలే."

"ఏమనుకోకక్కా," అన్నాడు.

"ఆయన ఏం పెడ్తుండంట?"

"పత్తేనంట."

"ఈ ఏడు కంది వెయ్యమని చెప్పు నాయినా. మూడేండ్లు వరసబెట్టి పత్తే వేసిన. ఆ నేల అలిసింది. తూర్పు మూలకు రాళ్లున్నయి, నాగలి జాగ్రత్తనను."

ఫోన్ నాకిచ్చేసింది. టీవీలో ఆమె మనిషి ఇంకా గడ్డిలోనే నిలబడి ఉంది. నేను మంచం పక్కన కింద కూర్చుని, కంట్రోలర్ తీసి ఆమె ఒళ్లో పెట్టాను.

"ఏం వేద్దామమ్మా?" అని అడిగాను.

అమ్మ ఆ బీడును అటు నుంచి ఇటు చాలాసేపు చూసింది.

"జర ఆగురా," అంది. "ఒక వాన పడనియ్యి."