తెల్లన్నం మొక్కు

ఇప్పుడు పళ్ళు తెల్లబరుచుకోవడం తలకు రంగేసుకున్నంత మామూలైపోయింది గానీ, నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో అనకాపల్లిలో పళ్ళ డాక్టరు దగ్గరికి పన్ను పీకించుకోవడానికి తప్ప ఎవరూ వచ్చేవారు కారు. అలాంటి ఓ డాక్టరుగారి క్లినిక్కులో నేను రిసెప్షనిస్టుని. (ఊడ్చేదాన్నీ, చీటీలు రాసేదాన్నీ, ఏడ్చే పేషెంట్ల చెయ్యి పట్టుకునేదాన్నీ కూడా నేనే.) జనానికి తెల్లపళ్ళ మీద ఆశ పుట్టించాలని డాక్టరుగారు నా పళ్ళు ఉచితంగా మెరుగుపెట్టి, "సోమవారం ఉగాది, మంచిరోజు, ఫోటో తీయిద్దాం. నీ నవ్వుతో రోడ్డు మీద పెద్ద బోర్డు కట్టిస్తాను" అన్నారు. నిలువెత్తు బోర్డు మీద నేను! సబ్బవరం బస్సులో రోజూ నాతో వచ్చే ఆడవాళ్ళందరికీ ఆ సాయంత్రమే చెప్పేశాను. చెప్పనిదల్లా ఆయన పెట్టిన షరతు ఒక్కటే. "అందాకా తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, కొబ్బరి. పసుపు, చింతపండు, బెల్లం, టీ ముట్టుకోవద్దు. కిళ్ళీ అసలే వద్దు. రంగు పట్టిందా, నవ్వు లేదు." ఆదివారం, అంటే ఉగాది ముందునాడు, మావైపు కొత్త అమావాస్య పండుగని ఆయనకేం తెలుసు, గుంటూరు మనిషి!

పండక్కి బుచ్చయ్యపేట దగ్గర అమ్మమ్మగారింటికి వెళ్ళాను. ఆ ఇంట్లో తెల్లగా ఉండేది సున్నం కొట్టిన గోడ ఒక్కటే. పప్పులో పసుపు, పులుసులో చింతపండు, పరమాన్నంలో ముదురు బెల్లం. బెల్లం వద్దన్న అనకాపల్లి పిల్ల లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. మూడు రోజులు పెరుగన్నంలో ముల్లంగి ముక్క నంజుకుని, ముద్దముద్దకీ పెరట్లోకి పరిగెత్తి నోరు పుక్కిలించాను. ఉండలేక ఒక్కసారి మాత్రం టీ స్ట్రాతో తాగాను (నాలుక కాలింది). మామయ్య కొడుకు, అంటే మా బావ, అరుగు మీద కూర్చుని వీధంతా వినేలా, "మరదలా, అది టీయా, కొబ్బరిబొండవా? నువ్వు పండక్కొచ్చేవా, పళ్ళు తోముకోడానికొచ్చేవా?" అని మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. అసలు సంగతి చెప్పేయొచ్చు కదా అంటారేమో. బోర్డు మాట బావ చెవిన పడితే నేను నిద్రలో ఉండగా నోట్లో పసుపుకొమ్ము దోపే రకం వాడు!

ఆదివారం మధ్యాహ్నం అందరం విస్తళ్ళ ముందు కూర్చున్నాం. అమ్మమ్మ చలికాలంలో జారిపడి రెండు నెలలు మంచాన ఉండి, అప్పుడప్పుడే కర్రతో నడుస్తోంది. ఆవిడ నెమ్మదిగా వచ్చి నా పక్కనే చతికిలబడింది.

"ఓసి నా తల్లీ, నాకు సెప్పకుండా మొక్కుకున్నావేటే?"

"మొక్కేటి అమ్మమ్మా?"

"సాల్లే, నేను సూత్తన్నాను కదా. వచ్చిన కాణ్ణించీ తెల్లన్నం తప్ప ముట్టవు. ముద్దముద్దకీ నోరు కడుగుతన్నావు. అమ్మోరికే కదేటి? నా కాళ్ళ కోసవే కదేటి?" అంటూ కళ్ళొత్తుకుంది. "ఇంతమందిని కన్నాను గానీ, నా కోసం మొక్కుకున్నోళ్ళు ఒక్కళ్ళు లేరే."

మీరే చెప్పండి, నేనేం చెయ్యను? అయినా నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను. తెరిచిన నోట్లో పులిహోర ముద్ద పడింది. ఎవరి కోసం మొక్కుకుంటే వాళ్ళే పండగనాడు అమ్మవారికి నైవేద్యం పెట్టిన అన్నం తమ చేత్తో తినిపించి మొక్కు విడిపించాలని ఆ ఇంట్లో ఆనవాయితీ. పులిహోర వెనకాల మామిడికాయ పప్పు, దాని వెనకాల పరమాన్నం, అన్నిటికీ పైన ఎర్రటి కాచు దట్టంగా పట్టించిన కిళ్ళీ. "బాగా నమలవే. అమ్మోరు సల్లగా సూత్తది" అని గెడ్డం పట్టుకుంది. బావ రెండు చేతులూ జోడించి, "తెలీక ఎటకారం సేసేను మరదలా, తప్పైపోయింది" అన్నాడు. వాడు వెక్కిరించిన మూడు రోజులూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. భక్తి అనుకున్నారందరూ.

సోమవారం డాక్టరుగారు నా నోట్లోకి టార్చి వేసి చూసి, వెంటనే ఆర్పేశారు. ఫోటోగ్రాఫరు అప్పటికే లైట్లతో సహా దిగిపోయాడు కాబట్టి, నోరు మూయించి తీయించారు. అలా పళ్ళ ఆసుపత్రి బోర్డు మీద పళ్ళు కనపడని పిల్ల రెండేళ్ళు వెలిగింది. "ఏటమ్మా, నీ పళ్ళు కూడా ఈ డాక్టరే పీకేసేడేటి?" అని అడగని పేషెంటు లేడు. అమ్మమ్మ మాత్రం ఆటో కట్టించుకుని వచ్చి, కర్ర ఆనించుకుని, తలెత్తి చాలాసేపు చూసి, "ఎంత ఒద్దిగ్గా నవ్వేవే" అంది.

ఆ తర్వాత అమ్మమ్మ ఆరేళ్ళు నడిచింది. నడిచిన ప్రతి అడుగూ నా మొక్కేనని ఊరంతా చెప్పుకుంది. నేను కాదనలేదు. ఇప్పుడావిడ లేదు. నా పళ్ళు టీ రంగుకొచ్చాయి, నేనేమీ బాధపడడం లేదు. కానీ ఏటా కొత్త అమావాస్యకి ముందు మూడు రోజులు తెల్లన్నం, పెరుగు తప్ప ముట్టను. పండగనాడు నా కిళ్ళీ నేనే కట్టుకుని నములుతాను. మా ఆయన ప్రతిసారీ విసుక్కుంటూ, "ఎవరి కోసమే ఈ మొక్కు?" అని అడుగుతారు.

"మొక్కేటి? పళ్ళ కోసం" అంటాను.