బూడిదతో తోమిన కట్టుడు పన్ను

సముద్రం అవతల లంబాసా చెరకుతోటల్లో, కూలీలుండే లైన్ల ఇళ్ళలో అందరూ ఆమెను పాటలత్త అనేవారు. గిర్మిట్ కూలి ఒప్పందం ముగిశాక, పళ్ళు కట్టే నా దగ్గర పింగాణీ ముందుపన్ను కట్టించుకున్నది. భోజనం కాగానే దాన్ని తీసి, ఇత్తడి చెంబును తోమినట్లే బూడిదతో తోమేది. పింగాణీ మీది గాజుపూత కేవలం మెరుపు కాదు, బలం కూడా. దాని మీద గీత పడితే పగులు అక్కడే మొదలవుతుంది. మొదటి పన్ను అలాగే విరిగింది. రెండోది అమర్చేటప్పుడు, బూడిదతో తోమవద్దని, ఇక నా దగ్గర మరొకటి లేదని హెచ్చరించాను. ఆమె కూతురి పెళ్ళి దగ్గర పడింది. ముందుపన్ను లేకపోతే ఆమె పాటలో మాటలు తెలియవు.

“ఎంగిలిది తోమకుండా మళ్ళీ నోట్లో ఎట్టుకోమంటావేటి బాబూ?”

“ఊరగాయ జాడీని బూడిదతో తోముతావా?”

“ఛీ! జాడీని నీళ్ళతోనే కడుగుతాం.”

“ఇదీ పింగాణీయే.”

ఆమె పన్నును గోటితో మీటి చూసింది.

“జాడీకి తడి తగిలితే బూజు పడతాది గదా బాబూ. నా నోరంతా తడే!”

అంటూనే నవ్వేసి, పన్నును నీళ్ళతో కడిగి పెట్టుకున్నది.

పెళ్ళిలో ఆమె పాడిన ఎత్తిపొడుపు పాట పందిరి చివరి దాకా మాట మాటగా వినిపించింది. వియ్యపురాలు అలిగి భోజనానికి రాలేదు.