తీసివేతలో పోయిన బుడ్డి

ఆ రోజుల్లో ఇంట్లో నన్నెవరూ పెద్దగా లెక్కచేసేవారు కాదు; బహుశా అందుకే సర్కారువారు నాకు లెక్కలు చెప్పే పని ఇచ్చారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, డిగ్రీ అయిపోయి తిరుమలాయపాలెంలో గోళ్లు కొరుక్కుంటున్న నన్ను విద్యా వాలంటీరని పేరుపెట్టి సారపాక అవతల అడవి అంచు గూడేనికి పంపారు. చదువులో వెనకబడిన పిల్లలను బడిగంటకు ముందే కూర్చోబెట్టి కూడికలు, తీసివేతలు మళ్లీ మొదటినుంచి చెప్పాలి. (నా పదో తరగతి లెక్కల మార్కులు ఎవరూ అడగలేదు; నేనూ గుర్తుచేయలేదు.)

ఆ పిల్లల్లో అందరూ బుడ్డి అని పిలిచే పిల్ల ఒకతి. తల్లీతండ్రీ లేరు, నాయనమ్మే దిక్కు. మొదటిరోజే ఆ ముసలామె పిల్ల చేయి నా చేతిలో పెట్టి, "నాకున్నది గిదొక్కటే టీచరమ్మా, పైలం" అంది. బుడ్డికి కూడికలంటే ఇష్టం. తీసివేత మీద మాత్రం నమ్మకం లేదు.

"ఎనిమిది మేకలల్ల మూడు పోతే ఎన్నే?"

"పదకొండు టీచర్."

"పోతే ఎట్ల పెరుగుతయే?"

"పిల్లలనేసుకొని మల్ల వస్తయ్ గద!"

లాభం లేదని ఒక పుష్యమాసం పొద్దున మేకల్ని మానేసి పిల్లల్నే వరసగా నిలబెట్టాను. బయట మంచు ఎంత చిక్కగా ఉందంటే టేకుచెట్లు సగం నుంచి పైకి లేవు. వెదురు లారీ చప్పుడు వినిపిస్తోంది, లారీ కనిపించదు. ఎనిమిది మందిలో బుడ్డినీ మరో ఇద్దరినీ బయటికి పంపుతూ, "మీరు తీసివేతల పోయిన్రు. ఇగ మీరు లేరు. ఎవ్వరు పిలిచినా పలకొద్దు" అన్నాను. (ఆ చివరి మాట పాఠం రక్తికట్టాలని కలిపింది.) మిగిలినవాళ్లు తమను తాము లెక్కపెట్టుకుని "అయిదు!" అని అరిచారు. నా బోధనకు నేనే మురిసిపోయి, పోయినవాళ్లను రమ్మన్నాను. ఇద్దరు నవ్వుకుంటూ వచ్చారు. బుడ్డి రాలేదు.

వాకిట్లోకి వచ్చి "బుడ్డీ!" అని కేకేశాను. చెట్ల వైపు నుంచి సన్నగా "ఊ" అని వినిపించింది. హమ్మయ్య అనుకుని అటు నడిచాను. మళ్లీ పిలిచాను. "ఊ..." ఈసారి ఇంకొంచెం లోపలినుంచి. అదే గొంతు, అదే సాగదీత. పరుగందుకున్నాను. వెనక్కి చూస్తే బడి లేదు, మంచే ఉంది. అప్పుడు, నేను పిలవకముందే, మరో "ఊ" వచ్చింది.

వెనకనుంచి ఎవరో నా చున్నీ పట్టి లాగారు. ప్రాణం పోయినంత పనయింది. తీరా చూస్తే నా శిష్యురాళ్లే.

"పిలవకుండ్రి టీచర్! అడివిల పేరుపెట్టి పిలిస్తే వేరేటోళ్లు పలుకుతరు."

"వేరేటోళ్లంటే ఎవరే?"

నన్ను బడి దాకా లాక్కొచ్చారు.

అప్పటికే ఎవరో కబురు చెబితే నాయనమ్మ వచ్చింది, చేతిలో సగం కుట్టిన అడ్డాకు విస్తరితోనే. "అవ్వా, బుడ్డి..." అంటూ నేను ఏడుపందుకున్నాను. ఆమె పిలవలేదు, అడవి వైపు చూడనైనా లేదు. నేరుగా బడి వెనక్కి వెళ్లింది. అక్కడ, గోడకు ఆనుకుని, నోటికి చేయి అడ్డం పెట్టుకుని కూర్చునుంది బుడ్డి.

"ఇంతగనం పిలిస్తే పలకవేందే!"

"పోయినోళ్లు పలుకుతరా టీచర్?"

"మరి ఆ ఊకొట్టిందెవరే?"

బుడ్డి చెట్ల వైపు చూసింది. "ఏమో. నా లెక్కనే ఉంది. మీరు ఆమె ఎంట పోతాంటే పిలుద్దామనుకున్న. పలకొద్దని మీరే అంటిరి గద!"

ముసలామె పిల్ల మొహం కొంగుతో తుడిచి, దగ్గరికి లాక్కుంది.

"ఇగ పంపవా అవ్వా?" అన్నాను.

"ఎందుకు పంప? పంపుత. మేకలతోనే చెప్పు టీచరమ్మా. మేకలైతే పోయినా మల్ల కొనుక్కోవచ్చు."

ఇప్పుడు ఖానాపురం హవేలిలో కాపురం. ఎవరైనా పిలిస్తే వెంటనే పలకను, గొంతు పోల్చుకున్నాకే పలుకుతాను. (నాకు చెవుడు మొదలైందని మావారి నమ్మకం.) మంచు దిగిన పొద్దుల్లో, తడి చెప్పులతో ఆ గొంతు వెంట పరుగెత్తిన అప్పటి నేను, ఆ చున్నీ పిల్ల, గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఒక్కసారి ఆమెను పేరుపెట్టి పిలవాలనిపిస్తుంది. పలికేది ఆమేనో కాదో తెలియక ఊరుకుంటాను.