ఏడో ట్యూబులో నీళ్లు

గిన్నెలు తోమే నిమ్మకాయ సబ్బు వాసన తగిలితే చాలు, నా చెవిలో విమలాబాయి మేడం గొంతు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. ఒకటి, రెండు, మూడు. గ్లాసును మూడుసార్లు నీళ్లతో తొలిచి, వెలుతురుకు పట్టి చూసి గానీ బోర్లించను. "మంచినీళ్లు తాగే గ్లాసే కదా, దానికీ పరీక్ష పెడతావా?" అని మా ఆయన ఏడిపిస్తుంటాడు. ఆయన మేడంను ఎప్పుడూ చూడలేదు. చూసుంటే ఆయనా మూడుసార్లు తొలిచేవాడు.

మౌలాలిలో టైర్ల దుకాణం పై అంతస్తులో ఉండేది మా ల్యాబ్. పప్పులు, పాలపొడులు, పిల్లలకు పెట్టే పిండులు వచ్చేవి. వాటిలో ప్రోటీన్ ఎంతుందో మేం తేల్చాలి. గోధుమరంగు మందులో నమూనా చుక్కలు కలిపితే, ప్రోటీన్ ఉన్నకొద్దీ ఆ మందు నీలంగా మారుతుంది. ఆ నీలం ఎంత చిక్కనో మిషన్ అంకెల్లో చెబుతుంది. ల్యాబ్‌కు పెద్ద విమలాబాయి మేడం. మనిషి ఐదడుగులు కూడా ఉండరు, గొంతు మాత్రం కింద టైర్లు మార్చేవాళ్లకు కూడా వినిపించేది. చేరిన రోజే మందు ఒలికి నా చూపుడువేలు నీలమైపోతే కంగారుపడ్డాను. "పరేషాన్ గాకు రూతూ. నీ తోలు సుత ప్రోటీనే గదా. రంగుకు పప్పేంది, మనిషేంది!" అన్నారు మేడం. ఆ సాయంత్రం కాప్రా బస్సులో కండక్టర్ నా వేలు చూసి, "ఏందమ్మా, ఇయ్యాల ఓట్లున్నయా? మాకెవ్వలు చెప్పలే" అన్నాడు. వారం దాకా ఆ రంగు పోలేదు.

నన్ను మూడు నెలలు చూసి, ఆ తర్వాత ఉంచుకోవాలో వద్దో తేలుస్తామన్నారు. అంతకు ముందు చేసినచోట రెండు నెలలకే పొమ్మన్నారు. రోజుకో గాజుసామాను పగలగొట్టేదాన్ని మరి. ఇక్కడా పొమ్మంటే మా అమ్మకు ముఖం ఎలా చూపించాలో తెలియదు. ఆఖరి శుక్రవారం సాయంత్రం నా సంగతి మేడం యజమానికి చెప్పాలి. ఆ రోజు ఎలాగైనా మెప్పు పొందాలని పొద్దున్నే వచ్చి, టెస్ట్‌ట్యూబులన్నీ నేనే తోమాను. మా ఇంట్లో శుభ్రం అంటే నురగ. అమ్మ నర్సు, నురగ మోచేతి దాకా రాకపోతే గిన్నె కడిగినట్టు ఒప్పుకోదు. మేడం మూడుసార్లు తొలవమన్న సంగతి ఆ ఉత్సాహంలో మరిచేపోయాను. ఒక్కసారి తొలిచి, తళతళలాడుతున్నాయని మురిసిపోయాను.

మేడం పది నమూనాలిచ్చి వెళ్లారు. ఏడోదానికి రంగు లేదు, వాసన లేదు, అచ్చం నీళ్లలా ఉంది. దాన్ని మందులో కలపగానే నీలం తిరిగింది. మిషన్ దానికి పాలపొడికి వచ్చినంత అంకె చూపించింది. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. సున్నా అని రాసేస్తే ఎవరికి తెలుస్తుంది? పెన్ను సున్నా చుట్టడానికి కాగితం దాకా వెళ్లింది కూడా. నన్ను ఆపింది ధైర్యమేమీ కాదు, నాకు అబద్ధం అతకదన్న భయం. చివరికి వచ్చిన అంకె వేసి, పక్కన "నీళ్లలా ఉంది, అయినా నీలమైంది. ఎందుకో నాకు అర్థం కాలేదు" అని రాశాను. రాశాక ఏడుపొచ్చింది.

మేడం చదివి, కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టారు. "అది నీళ్లేనే! డిస్టిల్డ్ వాటర్. కొత్తగొచ్చినోళ్లందరికీ నమూనాలల్ల కలిపి పెడ్త. నీళ్లల్ల గింత ప్రోటీనుంటే మనం పప్పెందుకు తింటున్నం? కాప్రా చెరువుల మునిగి లేస్తే పహిల్వాన్లమైతుంటిమి!" అని, ఒక ఖాళీ ట్యూబు తీసుకుని వాసన చూశారు. "నిమ్మకాయ! సబ్బు మిగిలితే సుత గా మందు నీలమైతది. ఎన్నిసార్లు తొలిచినవ్?"

"ఒక్కసారే మేడం."

"జెర ఓపిక లేదా?" అన్నారు. పది నమూనాలూ మొదటినుంచి మళ్లీ చేయించారు. ఆమె లెక్కపెడుతుంటే నేను తొలిచాను.

సాయంత్రం యజమాని గది బయట నిలబడ్డాను. లోపల నెమ్మదిగా మాట్లాడినా మేడం గొంతు గోడ దాటి వచ్చేది. "ట్యూబులు కడగనీకె రాదు సార్. అది నేను నేర్పిస్త. కానీ తెల్వంది తెల్వదని రాసింది. గా గుణం నేర్పనీకె నాకు రాదు. ఉంచుకోండ్రి." ఆ క్షణంలో ఆమె మీద పుట్టిన ప్రేమ ఈ రోజుకూ తగ్గలేదు.

ఇప్పుడు సైనిక్‌పురిలో ఇంకో ల్యాబ్‌లో మేడందిలాంటి పెద్ద కుర్చీలో నేను కూర్చుంటున్నాను. కొత్తవాళ్లకు నీళ్ల ట్యూబు నేనూ పెడతాను. పోయిన సోమవారం, ఎలా చేయాలో చూపిస్తానని నా చేతులతో నేనే పెట్టిన నీళ్ల ట్యూబు నీలమైంది. కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలూ నా ముఖంలోకి చూస్తున్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా పెన్ను సున్నా వైపే లాగింది. సిగ్గుపడుతూనే, "ఎందుకో నాకు అర్థం కాలేదు" అని రాసి సంతకం పెట్టాను. ఇంటికెళ్లేముందు, రిటైరై మౌలాలిలో ఉంటున్న మేడంకు ఫోన్ చేశాను.

"సబ్బేనా?" అన్నారు అంతా విని.

"కాదు మేడం. మూడుసార్లూ తొలిచాను. ఎందుకో ఇంకా తెలియదు."

"గదే రాసినవా?"

"రాశాను మేడం."

"అయితే ఎందుకైందో రేపు దేవులాడుదువు తియ్. పోయి చాయ్ తాగు."